ఓడిపోవడానికి వీలున్న కొలత

సంక్రాంతి మూడు రోజులూ మా గోదావరి డెల్టాలో అందరికీ అందరూ కనపడతారు. హైదరాబాదు నుంచి వచ్చిన కార్లు కాలవ గట్టు రోడ్ల మీద ఒకదానికొకటి దారివ్వలేక హారన్లు కొట్టుకుంటుంటాయి. పందెం బరి దగ్గరా, గుడి అరుగు మీదా పలకరింపులు నడుస్తాయి. ఉద్యోగస్తుణ్ణి "ఎక్కడ చేస్తన్నావురా" అని అడుగుతారు. రొయ్యల చెరువులున్నవాణ్ణి "ఎంత కౌంటుకి పట్టావు" అని, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని అడుగుతారు. నా దగ్గరికొచ్చేసరికి "ఇంకా రాస్తన్నావా?" అంటారు.

రాస్తున్నానండీ అనగానే రెండు ఓదార్పుల్లో ఒకటి తయారుగా ఉంటుంది. పెద్దవాళ్లయితే "ఎస్వీ రంగారావంతటివాడికే మొదటి సినిమా పోయింది, వదలకు" అంటారు. చదువుకున్న కుర్రాళ్లయితే "సక్సెస్ అంటే ఏముందన్నా, మన తృప్తే కదా" అంటారు. ఇద్దరూ అభిమానంతోనే అంటారు. కానీ ఆ రెండు మాటల్లో ఏదీ నాచేత ఒక్క పేజీ రాయించలేదు. పైగా రాసేవాడో, గీసేవాడో, పాడేవాడో దెబ్బతిని కూర్చున్నప్పుడు ఆ రెండూ రెండు రకాలుగా చెరుపు చేస్తాయని నా నమ్మకం. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు రంగారావు గారి సంగతి. ఆయన పుట్టింది నూజివీడు. అయినా మా వైపు వాళ్లు ఆయన్ని కాకినాడ మనిషి కిందే లెక్కేస్తారు. అక్కడ చదువుకున్నాడు, అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో వేషాలు కట్టాడు. 1947లో వచ్చిన 'వరూధిని'లో ప్రవరుడి వేషం వేశాడు. సినిమా పోయింది. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా వాళ్ల దగ్గర ఉద్యోగంలో చేరాడు. తర్వాత మద్రాసు నుంచి మళ్లీ కబురొచ్చింది. 1951లో 'పాతాళ భైరవి' మాంత్రికుడయ్యాక ఆయన సంగతి ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు.

కథ నిజమే. కానీ అది మనదాకా రావడానికి కారణం ఒక్కటే. ఆయన తిరిగొచ్చాడు. అదే రోజుల్లో రంగు కడుక్కుని ఏదో ఆఫీసులో గుమస్తాగా చేరి, అక్కడే రిటైరైపోయిన నటులు ఎంతమంది ఉంటారు? వాళ్లకి ఓర్పు తక్కువని ఎవరు తేల్చారు? గెలిచినవాడి ఓటమిని మనం చివర్నుంచి మొదటికి చదువుతాం కాబట్టి, అది ఓటమిలా కాక గెలుపుకి ముందు పేజీలా కనపడుతుంది. ఆ పేజీలో ఉన్నవాడికి తర్వాతి పేజీ ఉందో లేదో తెలియదు. తెలియకుండానే జంషెడ్‌పూర్ రైలెక్కాలి.

అసలు ఆ కథలో నాకు నచ్చే ముక్క ఎవరూ ఎత్తరు. సినిమా పోయింది, మనిషి వెళ్లి ఉద్యోగంలో చేరాడు. పస్తులుండలేదు, మద్రాసులో సినిమావాళ్ల పేట కోడంబాకం అరుగుల మీద పడుకోలేదు. ఇది పిరికితనమని ఎవరూ అనలేదు కూడా. మనం మాత్రం కుర్రాళ్లకి "వదలకు" అనే సగాన్నే చెబుతాం.

పాలకొల్లు తీసుకోండి. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ముగ్గురూ ఆ చుట్టుపక్కల వాళ్లే. ఇంత చిన్న పట్నం నుంచి ముగ్గురా అని మురిసిపోతాం. మురవాల్సిందే. కానీ అదే బండెక్కి మద్రాసు వెళ్లిన మిగతావాళ్ల పేర్లు అడిగితే పాలకొల్లు మెయిన్ రోడ్డులోనే ఎవరూ చెప్పలేరు. మా డెల్టా కుర్రాడికి పుట్టుకతోనే ఒక కొలత చేతిలో పెడుతున్నాం. సెంటర్లో విగ్రహం లేస్తే గెలిచినట్టు, లేకపోతే లేనట్టు. కాటన్ దొర కాస్త ఆనకట్ట కట్టి విగ్రహం సంపాదించాడు. మిగతావాళ్లం ఏం కట్టాలి?

నేనూ నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాణ్ణే. హైదరాబాదులో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో రూము, కథా చర్చలు, సిట్టింగులు. సిట్టింగంటే తెలియనివాళ్లకి చెబుతాను. ఒక గెస్ట్ హౌసులో నలుగురైదుగురు రచయితలు, ఒక దర్శకుడు, ఎప్పుడూ నిండుతూ ఖాళీ అవుతూ ఉండే టీ ఫ్లాస్కు. పొద్దున్నించి రాత్రిదాకా సీన్లు చెబుతాం. ఎవరు చెప్పిన సీను ఎవరిదో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు, లేదా అందరికీ తమదే అని గుర్తుంటుంది. నేను రాసిన సీన్లున్న సినిమా ఒకటి విడుదలైంది. మా అమ్మ భీమవరం హాల్లో చూసింది. బయటికొచ్చి, "పేర్లు మరీ స్పీడుగా వెళ్లిపోయాయిరా, నాకే కనపడలేదు" అంది. స్పీడు సంగతి కాదని ఆవిడకీ తెలుసు. ఇంకో కథ హీరోకి నచ్చి, ఆఫీసు తెరిచి, కొబ్బరికాయ కొట్టాక ఆగింది. ఎందుకు ఆగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఫోన్ ఎత్తడం మానేశారు, అంతే. ఈలోపు ఇక్కడ నాన్నకి కౌలు చేసే ఓపిక తగ్గింది. తిరిగొచ్చేశాను.

ఇక రెండో ఓదార్పు, తృప్తి. ఇది వినడానికి మొదటిదానికన్నా హుందాగా ఉంటుంది. వేదాంతం వాసన ఉంటుంది కాబట్టి ఎదురు చెప్పడం కష్టం. వచ్చిన కొత్తలో నేనూ దీన్నే పట్టుకున్నాను. ఎవరికీ చూపించకుండా నాకోసం రాసుకునేవాణ్ణి. రాసిన ప్రతిదీ బాగానే ఉన్నట్టుండేది. బాగోలేదనేవాడు లేడు కదా. నెమ్మదిగా రాయడమే తగ్గిపోయింది. తృప్తి ఒక్కటే కావాలంటే రాయనక్కర్లేదు, రాద్దామని గట్టిగా అనుకుంటే చాలు, దాదాపు అంతే తృప్తి దొరుకుతుంది. ఈ సంగతి కొన్నాళ్ల పాటు రాయకుండా కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు.

దెబ్బతిన్నాక గెలుపుకి అర్థం మార్చుకోవడంలో తప్పేం లేదు. మార్చుకోకపోతే చాలామందిమి బతకలేం. కానీ ఆ మార్పు నిజమైనదా, అందని ద్రాక్ష పుల్లన బాపతా అని తేల్చుకోవడానికి నాకు ఒక పరీక్ష దొరికింది. కొత్త అర్థం ప్రకారం కూడా నేను ఓడిపోగలనా? ఓడిపోవడానికి వీలుంటే అది కొలత. వీల్లేకపోతే ఓదార్పు. దీనికి ఇంకో షరతు కూడా ఉంది. ఓడిపోతే ఎందుకు ఓడానో నాకు తెలిసే దారుండాలి. సినిమాలో నేను ఓడిపోయాను, నిజమే. కానీ కథ బాగోకా, డబ్బు అందకా, హీరో గారి జాతకం బాగోకా అన్నది తెలియలేదు. అలాంటి ఓటమి నుంచి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం తప్ప.

ఈ మాట నాకు మొదట పుస్తకాల్లో దొరకలేదు, షాపులో దొరికింది. నా బతుకుతెరువు చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, గృహప్రవేశాలు. అనూ ఫాంట్లు, పాత పేజ్‌మేకరు, ఒక ప్రింటరు. సినిమాకి డైలాగులు రాసిన చేత్తో "మా ఏకైక కుమార్తె చి.ల.సౌ." అని రాస్తావా అని జాలిపడేవాళ్లున్నారు. జాలేం అక్కర్లేదు, పెద్దకర్మ కార్డులో పోయినవాళ్ల గురించి రెండు వాక్యాలు రాయడం చాలా సీన్లకన్నా కష్టం. ఇంటిల్లిపాదీ చదివి, ఒక్క మాట తేడాగా ఉన్నా పట్టేస్తారు. "కాస్త గ్రాండుగా రాయండి" అనే పెళ్లివారి గురించి మాత్రం ఇంకోసారి రాస్తాను.

ఆ షాపుకి సాయంత్రాలు ఒక పెయింటరు గారు వస్తుండేవారు. బస్టాండు బోర్డులు, లారీల వెనక రాతలు, సినిమా హాలు బ్యానర్లు రాసిన మనిషి. ఫ్లెక్సీ వచ్చి ఆయన పని మొత్తం ఊడ్చేసింది. అంటే నాలాంటి షాపే ఊడ్చేసింది. అయినా వచ్చి కూర్చుని నా ఫ్లెక్సీలని తిట్టి, టీ తాగి వెళ్లేవారు. ఆయన దగ్గర బోర్డుకి ఒకటే పరీక్ష. కదులుతున్న బస్సులో కిటికీ పక్క కూర్చున్నవాడు చదవగలగాలి. రాయడం అయ్యాక నిచ్చెన దిగి రోడ్డవతలికి పోయి నిలబడేవారట. బస్సులో వెళ్లే తెలిసినవాణ్ణి మర్నాడు అడిగేవారట, ఏం రాసుందిరా అని. చెప్పలేకపోతే టర్పెంటాయిలు గుడ్డతో చెరిపెయ్యడమే. "ఓనరుకి నచ్చిందండీ, డబ్బులూ ఇచ్చేశాడు, అయినా చెరిపేశాను" అని ఒక కిళ్ళీ కొట్టు బోర్డు గురించి ఆయన చెప్పిన తీరులో నాకు తెలిసిన ఏ అవార్డు ఉపన్యాసంలోనూ లేని ధీమా ఉంది. ఎనిమిది మొహాలు, నాలుగు రంగుల అక్షరాలు కలిపిన ఇవాళ్టి ఫ్లెక్సీని ఆ పరీక్షకి నిలబెట్టండి చూద్దాం.

ఆ కొలత ఆయనకి అన్నం పెట్టలేదన్నది కూడా చెప్పాలి. పని పోయింది, ఆదాయం పోయింది. ఇప్పుడు బడి గోడల మీద బొమ్మలు, గుడి వాహనాలకి రంగులు. ఆ నష్టాన్ని ఏ ధీమా పూడ్చలేదు. నేనంటున్నదల్లా, పని పోయినా తన పని మంచిదో కాదో తేల్చుకునే సాధనం మాత్రం ఆయన చేతిలోంచి ఎవరూ లాక్కోలేకపోయారని.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారిని నేను ఈ కళ్లతోనే మళ్లీ చదివాను. 1891లో పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టిన మనిషి. ఇంట్లోవాళ్లకి ఈ తెలుగు రాతల పిచ్చి నచ్చలేదు. మొదట్లో గ్రాంథికంలోనే రాశాడు. ఆ రోజుల్లో పండితులు మెచ్చితే రచయిత గెలిచినట్టు. తర్వాత ఆయన గోదావరి జిల్లాల ఇళ్లల్లో, వీధి అరుగుల మీద మాట్లాడుకునే తెలుగులోకి వచ్చాడు. కథకి కథ సంభాషణల మీదే నడిపించాడు. దీన్ని భాష మారడం కిందే చూస్తారు. నాకు మాత్రం తీర్పు చెప్పేవాళ్లని మార్చుకోవడంగా కనపడుతుంది. గ్రాంథికంలో తప్పు పట్టగలిగేది పదిమంది పండితులు. వాడుక మాటల్లో రాస్తే వంటింట్లో ఆవిడ కూడా "మేమలా అనమండీ" అనగలదు. తనని ఓడించగలిగేవాళ్ల సంఖ్య కావాలని పెంచుకున్నాడు. డబ్బు దగ్గర ఆయన బతుకు చివరిదాకా ఇబ్బందిగానే నడిచింది. 1961లో పోయాడు. ఇవాళ ఆ కథలు తీస్తే ఒక్క సంభాషణలోనూ బూజు కనపడదు.

ఇంతకీ నా కొలత సంగతి. దాన్ని నాకు పరిషత్తు నాటకం ఇచ్చింది.

ఒక ఆర్టీసీ కండక్టరు గారు కరపత్రం ప్రింటు చేయించడానికొచ్చి, మాటల్లో "మా నాటక సమాజానికి ఈ ఏడు స్క్రిప్టు దొరకలేదండీ" అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది. ఈ లోకం తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగుతాను, ఎందుకంటే తెలుగులో ఇంత పెద్ద వ్యవహారం ఇంత నిశ్శబ్దంగా ఇంకెక్కడా నడవదు.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ దారిలోనే తర్వాత ఊరూరా పరిషత్తులు లేచాయి. మా వైపు పాలకొల్లు, తణుకు, భీమవరం లాంటి చోట్ల నాటక పోటీలంటే పండగే. సమాజాలు నాటికలు తయారు చేసుకుంటాయి, ఒక్కోటి సుమారు గంట. ముందు స్క్రూటినీ ఉంటుంది. నిర్వాహకులు పంపినవాళ్లు వచ్చి రిహార్సలు చూసి, పోటీకి పనికొస్తుందో లేదో చెబుతారు. ఎంపికైతే వ్యానులో సెట్టు ముక్కలు, లైట్లు, మేకప్ పెట్టె వేసుకుని బయల్దేరడమే. రాత్రికి రెండు మూడు నాటికలు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటుడు, నటి, ఆహార్యం, సంగీతం అంటూ బహుమతులు. కమిటీ వాళ్లు పెట్టిన భోజనం చేసి, తెల్లారేసరికి ఇల్లు చేరి, పొద్దున్నే డ్యూటీకి పోవాలి. నటుల్లో టీచర్లుంటారు, కరెంటాఫీసు లైన్‌మన్లుంటారు, ఎల్‌ఐసీ ఏజెంట్లుంటారు. నటీమణులు మాత్రం చాలావరకు ఇదే వృత్తిగా ఉన్నవాళ్లు. ఒకే సీజనులో మూడు నాలుగు సమాజాలకి పనిచేస్తారు, మధ్యాహ్నం ఒక ఊళ్లో రిహార్సలు, రాత్రి ఇంకో ఊళ్లో ప్రదర్శన. ఈ మొత్తం వ్యవహారంలో నాటకం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది వాళ్లకే అని నా అభిప్రాయం. ఉపన్యాసాలు ఇచ్చే వేదిక మీద మాత్రం వాళ్లకి కుర్చీ వెయ్యరు.

పరిషత్తుని పొగడడానికి ఇదంతా చెప్పడం లేదు. అక్కడా పైరవీలు ఉంటాయి, జడ్జీల మీద గొణుగుళ్లుంటాయి, సన్మానాలు ప్రదర్శనల టైము తినేస్తాయి. వృద్ధాశ్రమం, అమెరికా కొడుకు, చివర్లో తల్లి చావు, ఈ మూడూ కలిపిన నాటికలు ఇక ఒక పదేళ్లు ఆపేస్తే మంచిది. కానీ నాకు కావాల్సిన మూడు సాక్ష్యాలు అక్కడ దొరికాయి.

ఒకటి, వెనక వరసలు. మూడో నాటిక మొదలయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లు మొహమాటానికైనా ఉంటారు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో వాళ్లకి ఆ మొహమాటం లేదు. టిఫిను బండి దగ్గర్నుంచి వచ్చి కూర్చుంటారు, నచ్చకపోతే లేచిపోతారు. సిమెంటు నేల మీద ప్లాస్టిక్ కుర్చీ జరిగిన చప్పుడు ఎక్కడ వచ్చిందో స్క్రిప్టు మీద అక్కడే పెన్సిలుతో గీత పెట్టుకుంటాను. రెండు, నటి. పోర్షను చదివి ఆవిడ "ఈ అమ్మాయి ఇక్కడ ఎందుకు ఊరుకుంటందండీ?" అని అడిగిందంటే పాత్రలో ఏదో ఉంది. ఏమీ అడక్కుండా డైలాగులు ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లిపోయిందంటే అయిపోయినట్టే, అలాంటి తల్లి వేషాలు ఆవిడ నిద్రలో కూడా వెయ్యగలదు. మూడు, మరుసటేడు ఇంకో సమాజం స్క్రిప్టు అడగడం. తమ డబ్బు, తమ సెలవులు పెట్టి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు నా మాటలు పలకాలనుకోవడం కన్నా గట్టి తీర్పు నాకు తెలియదు.

ఈ కొలత ప్రకారం నేను ఓడిపోయాను కూడా. ఒక నాటికకి బహుమతి వచ్చింది, షీల్డు ఇంట్లో టీవీ పక్కనుంది, పేపర్లో ఫోటో పడింది. కానీ ఆ రాత్రి వెనక కుర్చీలు సగం ఖాళీ, తర్వాత స్క్రిప్టు అడిగిన సమాజం ఒక్కటి లేదు. అది పోయిన నాటిక అని నాకు తెలుసు, ఎక్కడ పోయిందో పెన్సిలు గీతలు చెబుతున్నాయి. మా బంధువులకి మాత్రం అదే నా పెద్ద విజయం.

ఇంకోటుంది. వరి చేను పక్కన రొయ్యల చెరువు తవ్వితే ఉప్పు ఊరి చేను పాడవడం, దాని మీద అన్నదమ్ముల తగువు. డెల్టాలో పంచాయితీ పెట్టని ఊరుండదు దీనిమీద. ఒక ఆక్వా రైతు షెడ్డులో రిహార్సలు వేసుకునేవాళ్లం. రాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయిన సీనులో అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి ఎదురెదురుగా వాదించుకుంటారు. మంచి డైలాగులు, మా అందరికీ ఇష్టమైన సీను. షెడ్డు రైతు మంచం మీంచి లేచి, "ఆయ్, ఏరియేటర్లు ఆగిపోతే మనిషనేవోడు అలా నిలబడి మాట్లాడ్డండీ. జనరేటరు కాడికి పరిగెడతాడు. రొయ్య చచ్చిపోద్ది" అన్నారు. ఆ సీను మొత్తం మార్చాం. జనరేటరు స్టార్టు కాదు, తమ్ముడు హ్యాండిలు తిప్పుతూ తిడతాడు, అన్న టార్చి పట్టుకుని తిట్టించుకుంటాడు, చేను పాడైన అన్న ఆ చెరువునే కాపాడుతున్నాడు. నేను రాసుకున్న మంచి డైలాగుల్లో సగం పోయాయి. దానికి ఏ బహుమతీ రాలేదు. స్క్రిప్టు మాత్రం ఇంకా ఊళ్లు తిరుగుతోంది, ఫోటోస్టాట్ మీద ఫోటోస్టాట్ తీసి నా పేరు మసకబారిపోయిన కాపీ ఒకటి నా షాపుకే జెరాక్సుకి వచ్చింది.

ఉత్సాహం ఎలా నిలుపుకోవాలని అడుగుతారు కదా. దాని గురించి నాకు పెద్దగా చెప్పడానికి లేదు. సాయంత్రం ఏడింటికి లైన్‌మన్ గారు బండి తీసుకొచ్చి షాపు ముందు హారన్ కొడతారు, రిహార్సలుకి. వెళ్లకపోతే నలుగురు మనుషుల సాయంత్రం పాడవుతుంది. కృష్ణానగర్ రూములో నాకు పట్టుదల తక్కువై కాదు, అక్కడ నేను రాయకపోతే ఎవరి సాయంత్రమూ పాడయ్యేది కాదు. ఉత్సాహం మనిషి లోపల ఊరుతుందనుకుని లోపల వెతుక్కునేవాళ్లు, కాస్త బయటి హారన్ల ఏర్పాటు చూసుకుంటే మంచిది.

దామెర్ల రామారావు చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీలో చూసినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది. 1897లో పుట్టాడు, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర బొమ్మలు చూసి ప్రోత్సహించాడు, బొంబాయి జేజే స్కూల్లో నేర్చుకుని వచ్చాడు, రాజమండ్రిలోనే బొమ్మల బడి పెట్టాడు. 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిది నిండకుండా. బొంబాయిలోనే ఉండిపోతే ఇంకా పెద్ద పేరు వచ్చేదేమో. కానీ ఊరొచ్చి బడి పెట్టాడు కాబట్టే, పోయాక వరదా వెంకటరత్నం లాంటి స్నేహితులు ఆ బడిని నడిపారు, బొమ్మలు చెల్లాచెదురు కాలేదు. మనిషి పోయినా సాయంత్రం ఏడింటికి వచ్చేవాళ్లు మిగిలారు.

ఇక్కడ ఒక అడ్డు చెప్పుకోవాలి, లేకపోతే నేను చెప్పిందంతా ఎవరో ఒకరు దుర్వినియోగం చేస్తారు. పనిలోనే గెలుపుంది అని ఒప్పుకున్న మనిషిని దోచుకోవడం చాలా తేలిక. "మీకు కళ మీద ప్రేమ కదండీ" అని డబ్బు ఎగ్గొట్టడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. నర్సాపురం లేసు చూడండి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు కొక్కెం సూదితో, దారంతో అల్లిన లేసు విదేశాలకి వెళుతుంది. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ ఆ మహిళల పని మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. అందులో ఆవిడ చూపించింది ఒక్కటే. రోజులో గంటల తరబడి సాగే ఆ పనిని ఇంట్లోవాళ్లూ, వ్యాపారులూ కూడా "ఇల్లాలు ఖాళీ టైములో చేసుకునేది" అనే అంటారు, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ మాటే ఆధారం. తన కుట్టు ఎక్కడ సమంగా పడిందో, ఎక్కడ జారిందో అల్లే మనిషికి తెలుసు, కొలతకేం లోటు లేదు. లోటు కూలిలో ఉంది. నన్ను టైటిల్స్‌లో వదిలేసినవాళ్లు చేసిందీ ఆ కుటుంబంలోదే. కాబట్టి మీ గెలుపు మీరు ఎక్కడ కొలుచుకున్నా సరే, మీకు రావాల్సింది ఇంకొకరి కొలతతో, అంటే రూపాయల్లో, లెక్కగా అడగాలి. ఈ రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో రాయకూడదు.

రూపాయల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. పదెకరాల మాగాణి ఉన్నవాడు సినిమాల్లో పదేళ్లు ఓడిపోగలడు. కౌలు రైతు కొడుకు రెండేళ్లు ఓడిపోవడమే కష్టం. మా నాన్న సార్వా, అంటే ఖరీఫ్ పంటలో భూస్వామికి బస్తాలు కొలిచాక మిగిలేదాంట్లోంచి నా రూము అద్దె పంపారు. "వదలకు, వదలకు" అనే ప్రసంగాలు వింటున్నప్పుడు నాకు ముందు ఆ ప్రసంగించేవాడి భూమి ఎంతో కనుక్కోవాలనిపిస్తుంది. వదిలేసినవాళ్లని నేను తక్కువగా చూడను. నాతో రూములో ఉన్న ఒకడు ఇవాళ కడియంలో నర్సరీ నడుపుతున్నాడు, నాకన్నా సుఖంగా ఉన్నాడు, బంతి మొక్కల మధ్య కూర్చుని నా నాటికలని నిర్దాక్షిణ్యంగా విమర్శిస్తాడు. వాడు ఓడిపోయాడని ఎవరైనా అంటే వాడి దగ్గరికి తీసుకెళతాను.

మొన్న సంక్రాంతి తర్వాత సఖినేటిపల్లి వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. బీటెక్ అయింది, ఫోన్లో స్క్రిప్టుంది, గోదావరి దాటించే పంటు మీద నడిచే కథ. హైదరాబాదు వెళ్లమంటారా అని అడిగాడు. వెళ్లొద్దని చెప్పే హక్కు నాకు లేదు, నేనూ వెళ్లినవాణ్ణే.

"కథ బాగుందని ఎవరనాలి నీకు?" అన్నాను.

ఒక పెద్ద దర్శకుడి పేరు చెప్పాడు.

"ఆయన కాకుండా. రేపు పొద్దున్న నువ్వెళ్లి అడగ్గలిగినవాళ్లలో?"

చాలాసేపు ఆలోచించాడు. "పంటు మీద టిక్కెట్లు కొట్టే మా పెదనాన్నండీ" అన్నాడు. "కానీ ఆయన బాగోలేదంటేనో?"

"ఎందుకు బాగోలేదో చెబుతారుగా."

ఆ తర్వాత మామూలు సంగతులు చెప్పాను. కథ రచయితల సంఘంలో రిజిస్టరు చేయించకుండా ఎవరికీ వినిపించకు. సీను రాసిస్తే పేరు, తారీకు వేసి మెయిల్ చెయ్యి, నోటిమాట మీద ఇవ్వకు. మీ నాన్న అప్పు చెయ్యకుండా ఎన్నాళ్లు ఉండగలవో ముందే లెక్క వేసుకుని ఇంట్లో చెప్పి వెళ్లు. వాడు అన్నీ ఫోన్లో రాసుకున్నాడు. వెళ్లేముందు స్క్రిప్టు రెండు కాపీలు ప్రింటు తీయించుకున్నాడు, ఒకటి హైదరాబాదుకి, ఒకటి పెదనాన్నకి పెద్ద అక్షరాల్లో. స్పైరల్ బైండింగ్ వేసిచ్చాను. "మీ దగ్గర కూడా డబ్బులాండీ?" అన్నాడు నవ్వుతూ. తీసుకున్నాను. పెద్ద అక్షరాల కాపీకి పేజీలు ఎక్కువయ్యాయి కాబట్టి దానికి మాత్రం పావు వంతు తగ్గించాను.